కొర్ర వేర్లు పట్టించిన నీళ్లు

ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "సార్, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయింది ఏది?" అని అడుగుతారు. ఏదో అవార్డు గురించో, ఏ మంత్రిగారో వచ్చి వెళ్లిన రోజు గురించో చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం ఒక ఎండాకాలం గుప్పెడు కొర్ర మొక్కలు మమ్మల్ని పరుగులు పెట్టించిన సంగతి చెబుతాను. మొదట కొంచెం నిరాశపడతారు. తర్వాత వాళ్ల టీ చల్లారిపోతుంది.

మా పరిశోధనా క్షేత్రం ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఉండేది. నేను అందులో భూసార పరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. రైతులు ప్లాస్టిక్ సంచుల్లో మట్టి తెచ్చేవాళ్లు. దాన్ని ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, అందులో నత్రజని ఎంత, భాస్వరం ఎంత, ఉప్పు ఎంత అని తేల్చి చెప్పడం నా పని. మట్టిలో ఏముందో నాకు తెలిసేది. అది మొక్కకు ఎలా తెలుస్తుందో అని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ ప్రశ్నతో మా దగ్గరికి వచ్చిన మనిషి మా మేడం.

ఆమెది ఎమ్మిగనూరు. మగ్గం నేసే ఇల్లు. ఎక్కడెక్కడో పెద్ద చదువులు చదివి, అడిగి మరీ ఈ ఎండల్లోకి పోస్టింగు వేయించుకుంది. వచ్చిన మొదటి రోజే, "ఇక్కడ ద్రవ నత్రజని ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది. మా ఫారం మేనేజరు ఎండలో నుంచి వచ్చి చెమట తుడుచుకుంటూ, "మేడం, ఈడ మామూలు నీళ్లు దొరికితేనే పండగ," అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. వారం తిరక్కుండా పశువుల ఆసుపత్రి వాళ్లతో స్నేహం చేసుకుంది. ఆబోతుల వీర్యం నిల్వ చేయడానికి వాళ్ల దగ్గర ఆ నత్రజని ఉంటుంది. అందులో నుంచే మాకూ కొంత వచ్చేది. జీపు వెనక సీటులో తెల్లటి పొగలు కక్కుతూ ఆ క్యాన్ వస్తుంటే గేటు దగ్గర కూలీలు పని ఆపి చూసేవాళ్లు.

ఆమె పని కొర్ర మొక్క మీద. నేలలో నైట్రేట్ రూపంలో నత్రజని ఉందని వేరుకు ఎలా తెలుస్తుంది, తెలిశాక మొక్క లోపల ఏం మారుతుంది అన్నదే ఆమె పట్టుకున్న విషయం. నాకు జన్యువుల సంగతి తెలియదని చెబితే, మగ్గం ఉదాహరణతో చెప్పింది.

"అన్నా, జకార్డు మగ్గం చూసినావు గదా. డిజైను అట్టలన్నీ మగ్గం మీదే ఉంటాయి. కానీ ఏ గడియకు ఏ దారాలు పైకి లేయాలో ఆ అట్టకుండే రంధ్రాలు చెప్తాయి. మొక్కలోనూ అంతే. జన్యువులన్నీ ప్రతి కణంలో ఉంటాయి. ఏవి లేయాల, ఏవి పండుకోవాల అనేదే అసలు సంగతి."

నైట్రేట్ వేరును తాకిన కొద్ది నిమిషాల్లోనే కణంలోని ఒక ప్రోటీన్ కేంద్రకంలోకి చేరి అక్కడే నిలిచిపోతుందట. అది అక్కడ నిలవగానే వందల జన్యువులు మేలుకుంటాయి. నైట్రేట్‌ను లోపలికి లాగే ద్వారాలు తయారు చేసేవి కొన్ని, లాగినదాన్ని ఒంటికి పట్టేలా మార్చే ఎంజైములు చేసేవి కొన్ని. నైట్రేట్ లేకపోతే అవన్నీ నిద్రలోనే ఉంటాయి. అవసరం లేని సరంజామా ఏదీ మొక్క తయారు చేసుకోదు. నా సర్వీసంతా నత్రజనిని కొలిచినవాణ్ని, ఈ మాటలు విన్నాక కొర్ర చేను పక్కగా నడవాలంటేనే కాస్త మర్యాదగా నడవాలనిపించేది.

ఆమె చేసిన ప్రయోగం ఇది. మొలకల వేర్లను రెండు పాయలుగా విడదీసి, పక్కపక్కనే అతికించిన రెండు గ్లాసుల్లో ఒక్కో పాయను నాటాలి. గ్లాసుల్లో మట్టి ఉండదు, కడిగిన ఇసుక ఉంటుంది. కొన్ని మొక్కలకు రెండు గ్లాసుల్లోనూ నైట్రేట్. కొన్నింటికి ఒక గ్లాసులోనే. మిగిలినవాటికి ఎందులోనూ లేదు, అవి పస్తులుండే మొక్కలు. ఆ పస్తుల మొక్కలతో పోల్చి చూస్తేనే మిగిలినవాటి సంగతి తెలుస్తుంది. అందుకే వాటికి నైట్రేట్ వాసన కూడా తగలకూడదు.

మొక్కలకు ద్రావణాలు పోసే పని మా క్షేత్రంలో కూలికి వచ్చే ఒక అక్కది. గోడ అవతల కాలనీలోనే ఆమె ఇల్లు. మెడలో చిన్న సిలువ, నడుముకు దోపిన కొంగు, ఎప్పుడూ ఏదో ఒక పాట. ఎర్ర మూత సీసా ఎర్ర గ్లాసులకు, తెల్ల మూత సీసా తెల్ల గ్లాసులకు అని మేడం ఒక్కసారి చూపిస్తే చాలు, చుక్క తేడా రానిచ్చేది కాదు.

ప్రయోగం మొదలయ్యే ముందే మా డిస్టిల్డ్ వాటర్ యంత్రంలో కాయిల్ కాలిపోయింది. ద్రావణాల కోసం ఆదోనిలో బ్యాటరీ షాపుల నుంచి డిస్టిల్డ్ నీళ్ల క్యాన్లు తెచ్చుకున్నాం. ఇసుక కడగడానికి మాత్రం అన్ని క్యాన్లు ఎక్కడ తేగలం? "ఇసుక బోరు నీళ్లతో కడగండి, పర్వాలేదు," అంది మేడం. మాకెవరికీ అందులో తప్పు కనిపించలేదు. మా కొత్త బోరు నీళ్లు అద్దంలా ఉండేవి. పాత బోరు ఎండిపోతే, క్షేత్రం పల్లంలో కొత్తగా వేయించాం. ఆ ఎండాకాలం కాలనీకి పైపు నీళ్లు సరిగా రాక ఆడవాళ్లు బిందెలతో అల్లాడుతుంటే, మా మేనేజరే చొరవ తీసుకుని గోడ బయట ఒక కొళాయి పెట్టించాడు. కాలనీ అంతా ఆ నీళ్లే తాగేది. "బలే తియ్యగుండాయప్పా," అని వాళ్లు మెచ్చుకుంటే అతను మీసం దువ్వుకునేవాడు.

వేర్లు తీసే రోజు వచ్చింది. ద్రవ నత్రజనిలో ముంచి గడ్డకట్టించి, నూరి, మేలుకున్న జన్యువులు రాసుకునే నకలైన ఆర్‌ఎన్‌ఏ తీసి మిషన్‌లో పెట్టాం. జన్యువు ఎంత చురుగ్గా ఉంటే కంప్యూటరు తెర మీద గీత అంత తొందరగా పైకి లేస్తుంది. నైట్రేట్ ఇచ్చిన మొక్కల గీతలు లేచాయి. కాసేపటికి పస్తుల మొక్కల గీతలు కూడా లేచాయి. అవి పడుకుని ఉండాల్సినవి.

మిషన్ చెడిపోయిందేమో అన్నాను నేను. సీసాలు మారిపోయాయేమో అన్నాడు మేనేజరు. అంతలోనే, "లేదులే, ఆ అక్క మార్చదు," అని తనే కొట్టేశాడు. ఆ వారంలోనే ప్రాజెక్టు మీద సమీక్షకు పెద్దలు వస్తున్నారు.

"మేడం, ఆ మొక్కలు చచ్చిపోయినాయని చెప్పేద్దాం. మంచివి సూపిస్తే సాలు గదా," అన్నాడు మేనేజరు. అతను చెడ్డవాడు కాడు. ఆమె ప్రాజెక్టు పోతుందేమోనని అతని భయం.

"చావలేదు గదన్నా," అంది ఆమె. "పచ్చగా ఉండాయి చూడు. పస్తులున్న మొక్క ఇంత పచ్చగా ఉండదు. వాటికి ఎవరో తిండి పెడుతున్నారు. ఎవరో కనుక్కోవాల."

మిషన్ తప్పని కాని, మనుషుల తప్పని కాని ఆమె అనలేదు. మొక్కలు చెప్పిందే నిజమనుకుని బయలుదేరింది. అలా ఆలోచించే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మిగిలిన ఇసుకలో కొంత తీసి ఈసారి బ్యాటరీ షాపు నీళ్లతో కడిగించింది. అందులో కొన్ని మొలకలు పెట్టి, వాటి వేర్లు తీసి చూసింది. గీతలు లేవలేదు. అంటే తిండి పెడుతున్నది ఇసుకను కడిగిన నీళ్లే.

"అన్నా, కొత్త బోరు నీళ్లలో నైట్రేట్ ఎప్పుడైనా చూసినామా?"

ఉప్పు చూశాం, చౌడు చూశాం. నైట్రేట్ చూడమని ఎవరూ అడగలేదు, పాత బోరులో ఎప్పుడూ లేదు కూడా. నేను లేచి బోరు దగ్గరికెళ్లి సీసా నింపుకొచ్చాను. నీళ్లను పింగాణీ గిన్నెలో ఆవిరి చేసి, అడుగున మిగిలినదానికి మందు కలిపి, అమోనియా చుక్కలు వేస్తే, నైట్రేట్ ఉన్నకొద్దీ పసుపు రంగు తేలుతుంది. నా చేతికి బాగా అలవాటైన పరీక్ష. ఆ రోజు గిన్నెలో చిక్కటి పసుపు తేలింది. పసుపు నీళ్లు కలిపినట్టుంది. మళ్లీ చేశాను, మళ్లీ అదే. తాగే నీళ్లకు ఉండాల్సిన హద్దు ఎప్పుడో దాటిపోయింది.

బోరు వేసిన పల్లానికి పైన మా పేడ దిబ్బ ఉంది. దాని పక్కనే కాలనీ మరుగుదొడ్ల గుంతలు. వాటి ఊటంతా భూమిలోకి దిగి బోరులో చేరుతోందని అప్పుడు అర్థమైంది. నీళ్లకు రంగు లేదు, వాసన లేదు, రుచి బాగానే ఉంది. మనుషులకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. కొర్ర వేరు పట్టుకుంది.

నేను ఇంకా ఇసుక గురించే ఆలోచిస్తున్నాను. మేడం మాత్రం గిన్నె వంక చూస్తూ, "ఈ నీళ్లు తాగే ఇళ్లల్లో చంటిబిడ్డలు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగింది.

మేనేజరు ముఖం పాలిపోయింది. "అక్క కూతురు కాన్పుకొచ్చింది గదా మేడం. బిడ్డకు బాగలేదని అక్క పనికి రాలేదు ఈరోజు."

మేడం చెప్పులు వేసుకున్నట్టు కూడా నాకు గుర్తులేదు. ముగ్గురం గోడ సందులో నుంచి కాలనీకి పరుగెత్తాం.

అక్క వాకిట్లో కూర్చుని బిడ్డను ఒళ్లో పెట్టుకుని విసురుతోంది. బిడ్డ ఏడవడం లేదు. పెదాలు, గోళ్లు నేరేడుపండు తిన్నట్టు ఊదా రంగులో ఉన్నాయి. కూతురికి జ్వరం వచ్చి పాలు పడక, డబ్బాపాలు కలిపి తాగిస్తున్నారు. ఆదోనిలో పిల్లల డాక్టరుకు చూపిస్తే గుండెలో లోపమేమోనని అనుమానించి, కర్నూలు వెళ్లి స్కాన్ తీయించమన్నాడట. మరునాడు పొద్దున్నే బయలుదేరాలనుకుంటున్నారు.

"ఏ నీళ్లతో కలుపుతాండావక్కా పాలు?" అంది మేడం.

"మన కొళాయి నీళ్లేనమ్మా. ఊరికే పొయ్యలేదు, బాగా కాంచినాకనే పోస్తాండా. ఒకసారికి రెండుసార్లు కాంచినా," అంది అక్క.

మేడం ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. క్రిములైతే కాచితే చస్తాయి. నైట్రేట్ చావదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. అక్క ఎంత శ్రద్ధగా కాచిందో బిడ్డకు అంత చేటు జరిగింది. ఆ మాట మేడం అప్పుడు చెప్పలేదు. "లెయ్యక్కా, పోదాం రా. ఇప్పుడే పోవాల," అని బిడ్డను తన చేతుల్లోకి తీసుకుంది.

నైట్రేట్ చంటిబిడ్డల రక్తాన్ని పాడుచేస్తుందని మేడం చెప్పిన మాటను ఆదోనిలో ఆ డాక్టరు చివరిదాకా విన్నాడు. అది ఆయన గొప్పతనం. మా మాట తోసిపుచ్చి పంపించేసే హక్కు ఆయనకుంది. "నీళ్లలో నైట్రేటా?" అని ఒకసారి అడిగి, బిడ్డ మడమ మీద చిన్నగా పొడిచి ఒక రక్తపు చుక్క తెల్ల దూది మీద తీశాడు. మామూలు రక్తమైతే గాలికి ఎర్రగా తేరుకుంటుంది. ఆ చుక్క బెల్లం పాకంలా గోధుమ రంగులోనే ఉండిపోయింది. ఆయన దాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. "అమ్మా, గుండె కాదు. రక్తం గాలిని మోయలేకపోతోంది. మీరు చెప్పిందే," అని అక్కడికక్కడే కర్నూలుకు ఫోన్ చేసి మందు సిద్ధం చేయించాడు. అంబులెన్స్ వచ్చింది. బిడ్డతో పాటు తల్లి, అక్క, మేడం ఎక్కారు.

వెళ్తూ మేడం కిటికీలోంచి ఒకటే మాట అంది. "అన్నా, ఆ కొళాయి!"

నేను, మేనేజరు వెనక్కి వచ్చి కొళాయి కట్టేశాం. నీళ్లు పట్టే వేళ అది. బిందెలు వరుసగా ఉన్నాయి.

"ఏందప్పా, నీళ్లిచ్చినట్టే ఇచ్చి కట్టేస్తారా? ఎండల్లో యాడికి పోదుము మేము?" అని ఒకామె నా మీదికి వచ్చింది.

"తాగేకి పనికిరావమ్మా ఈ నీళ్లు. చంటిబిడ్డలకు మరీ చెడ్డవి."

"నిన్నటిదాకా బాగుండినాయి గదా? ఈరోజు ఏమొచ్చింది? మమ్మల్ని తరిమేకే ఇట్ల సెప్తాండారు!"

ఆమె కోపం న్యాయమైనదే. నేను చూపించగలిగింది ఒక్కటే. ల్యాబుకు పోయి గిన్నె తెచ్చి, బ్యాటరీ షాపు నీళ్లతో చేసిన గిన్నె పక్కన పెట్టాను. ఒకటి తెల్లగా, ఒకటి పసుపుగా. చుట్టూ మూగి చూశారు. అక్క మనవడి సంగతి మేనేజరు చెప్పాడు. తప్పు తనదేనన్నాడు. ఆ కొళాయి పెట్టించింది అతనే కదా. ఇందాక నా మీదికి వచ్చిన ఆమే తన బిందె మట్టిలో బోర్లించి, "నీదేం తప్పుండాది లేన్నా. మేము నీళ్లు లేవని ఏడిస్తే ఇచ్చినావు," అంది. మేనేజరు అప్పటికప్పుడు మండలాఫీసుకు పోయి కూర్చుని, ట్యాంకరు వచ్చేదాకా కదల్లేదు. కాలనీకి కొత్త నీళ్ల గొట్టం పడేవరకు రోజూ ఆ ట్యాంకరు వెనకే తిరిగాడు.

సాయంత్రం మేడం ఫోన్ వచ్చింది. "అన్నా, పెదాలు ఎర్రగైనాయి." అంతే అంది. బిడ్డకు ఎక్కించిన ఆ మందు ముదురు నీలం రంగులో ఉందని తిరిగొచ్చాక చెప్పింది. నీలిరంగు పోగొట్టడానికి నీలం మందు! "రాసి చూపిస్తే ఎవరూ నమ్మరు," అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

సమీక్షకు పెద్దలు వచ్చేసరికి మా దగ్గర చూపించడానికి సరైన ఫలితం లేదు. మేడం లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. సమీక్ష బృందం అధ్యక్షుడు కళ్లజోడు తీసి, "అంటే మీ పోలిక మొక్కలు పాడైపోయాయన్నమాట," అన్నాడు.

"అవునండీ. ఇసుకను బోరు నీళ్లతో కడగమన్నది నేనే. నీళ్లు పరీక్షించకుండా చెప్పాను. అది నా పొరపాటు. కానీ మొక్కలు పొరపడలేదు."

పొగిడించుకోవడానికో, తప్పించుకోవడానికో బిడ్డ సంగతిని ఆమె వాడుకోలేదు. నేనే వెనక నుంచి లేచి చెప్పాను. ఆయన అంతా విని, నైట్రేట్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "బిడ్డ ఇప్పుడెలా ఉంది?" అన్నాడు. బాగుందన్నాను. ప్రాజెక్టుకు ఇంకో పంటకాలం గడువిచ్చి వెళ్లారు.

ఆ పంటకాలంలో ప్రయోగం శుభ్రంగా జరిగింది. పస్తుల మొక్కల గీతలు ఈసారి లేవలేదు. నేను నోరెళ్లబెట్టింది మాత్రం సగం వేరుకే నైట్రేట్ ఇచ్చిన మొక్కల దగ్గర. ఆకలితో ఉన్న సగం వేరు పైకి కబురు పంపుతుంది. ఆకులు ఆ కబురు అందుకుని, తిండి దొరికే సగానికి ఇంకా ఎక్కువ లాగమని కిందికి మళ్లీ కబురు పంపుతాయి. తెర మీద చూస్తే, రెండు పక్కలా నైట్రేట్ ఉన్న మొక్క వేరు కన్నా, ఒక పక్కే ఉన్న మొక్క వేరులో ఆ ద్వారాల జన్యువులు ఎక్కువ చురుగ్గా ఉన్నాయి. పక్క వేరు పస్తులుంటే ఈ వేరు దాని వంతు కూడా లాగుతోంది. మెదడు లేని, నోరు లేని గడ్డిమొక్క! మేడం నా ముఖం చూసి, "నాక్కూడా ఇంకా వింతగానే అనిపిస్తుందన్నా," అంది.

బోరు నీళ్లు వృథా పోలేదు. వాటిలో ఉన్న నత్రజనిని లెక్కలోకి తీసుకుని, ఆ మేరకు యూరియా తగ్గించి పొలాలకు పారించాం. ఆ ఏడాది కొర్ర ఏపుగా పెరిగింది.

ఒక రోజు అక్క మనవణ్ని చంకనేసుకుని పొలంలోకి వచ్చింది. పిల్లవాడు బొద్దుగా, కుదురు లేకుండా ఉన్నాడు. మేడం గట్టు మీద కూర్చుని వేర్లు చూస్తోంది.

"అమ్మా, ఒకటి అడుగుతా. ఈ గడ్డికి తెలిసిందంట గదా నీళ్లు ఎట్లాంటివో. మరి నా బిడ్డ ఒంటికి ఎందుకు తెలీకపాయ? మనిషి కన్నా గడ్డి మేలా?"

మేడం వేర్లు కింద పెట్టింది. చేతి మట్టి దులుపుకుని అక్కను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మొక్క యాడికీ పోయేకి కాదక్కా. పుట్టిన చోటే ఉండాల. దానికి పెట్టేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. అందుకే కాళ్ల కింద ఏముందో అన్నీ అదే తెలుసుకోవాల. బిడ్డకు అట్ల కాదు. బిడ్డకు నువ్వుండావు, నేనుండా, ఈ అన్న ఉండాడు. తెలుసుకోవాల్సింది మనం."

అక్క మనవణ్ని ఒళ్లోకి జరుపుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "అట్లయితే అప్పా, ఇంగ మీదట ఏ నీళ్లయినా నీకు సూపించినాకనే తాపుతా," అంది.

ఊరికే అన్నమాట కాదు అది. కొత్త గొట్టంలో నీళ్లు వచ్చిన మొదటి రోజే సీసా తెచ్చింది. గిన్నెలో చుక్కలు వేసేదాకా పక్కనే నిలబడి, "తెల్లగానే ఉండాదా?" అని అడిగి, ఉందన్నాకనే ఇంటికి పోయింది. ఆమెను చూసి కాలనీలో మిగిలిన తల్లులు, తర్వాత చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు సీసాలు తేవడం మొదలుపెట్టారు. మట్టి పరీక్షల ల్యాబు బల్ల మీద మట్టి కన్నా నీళ్లే ఎక్కువ కనిపించేవి.

నేను రిటైరైన రోజు పక్క హాలులో వేదిక, కుర్చీలు, దండలు అన్నీ సిద్ధం చేశారు. మేడం రెండుసార్లు వచ్చి తొంగిచూసింది. బల్ల మీద ఇంకా సీసాలున్నాయి, వాటిని తెచ్చిన తల్లులు బయట వరండాలో కూర్చుని ఉన్నారు. ఆమె నన్ను పిలవలేదు. తలుపు దగ్గరగా వేసి, హాలులో ఉన్నవాళ్లను ఇంకాస్త ఆగమని చెప్పడానికి వెళ్లింది. నేను ఒక్కో గిన్నెకు అమోనియా వేసి చూశాను. అన్నీ తెల్లగా వచ్చాయి. బయటికొచ్చి ఆ మాట వాళ్లకు చెప్పి, చేతులు కడుక్కుని, అప్పుడు వెళ్లి దండ వేయించుకున్నాను.